అడుగు కలపరాదు

ఫిబ్రవరి 9

పిడుగుకి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు బాగానే ఉంటావని నాకు తెలుసు కాబట్టి కుశల ప్రశ్నలు దాటేసి పనిలోకి వస్తున్నాను. కాగితం ఇలా సన్నగా, పొడుగ్గా ఉందేమిటని అడక్కు. రిజిస్టర్లు బైండు చేసేటప్పుడు అంచులు కోస్తే మిగిలిన ముక్కలివి. పారేయడానికి చేతులు రాక నీకు ఉత్తరాలు రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు ఊకొడుతూ ఇంకేదో పని చేసుకుంటావు. ఉత్తరమైతే కూర్చుని చదవక తప్పదు.

సంగతేమిటంటే, మన నడక వంతెనకు తొంభై రెండేళ్ళు నిండాయట. వార్డు ఆఫీసువాళ్ళు దాని చరిత్ర రాయించి గేటు దగ్గర బోర్డు పెడతారట. ఆ రాసే పని నా నెత్తిన పెట్టారు. ఎందుకయ్యా అంటే రెండు కారణాలు చెప్పారు. ఒకటి, వంతెనకు మొదటి కాపలాదారు మా తాతయ్య, అంటే నీ ముత్తాత. రెండోది, నేను నలభై ఏళ్ళుగా అవతలి గట్టున పుస్తకాలు బైండు చేస్తున్నాను. పుస్తకాలు కుట్టే మనిషికి రాయడం కూడా వచ్చేస్తుందని వాళ్ళ నమ్మకం. పలకలు అమ్మేవాడికి లెక్కలు కూడా వస్తాయా అని అడుగుదామనుకున్నాను. కానీ బోర్డు కింద నా పేరు వేస్తామన్నారు, నోరు మూసుకున్నాను.

నాకు తెలిసిందంతా ఇంట్లో విన్నదే. తాతయ్య ఈ నది మీద పడవ నడిపేవాడు. వంతెన వస్తే పడవ మూలపడుతుంది. అయినా కట్టేవాళ్ళు మొదటి ఉక్కు తాడును అవతలి గట్టుకు చేర్చే దారి దొరక్క తాతయ్య దగ్గరికే వచ్చారట. తన పొట్ట కొట్టబోయే తాడును తన పడవలోనే వేసుకుని చేర్చాడు మహానుభావుడు. చేర్చి ఊరుకోలేదు. "రేపటి నుంచి నా పడవ ఎవరెక్కుతారు? ఈ వంతెనకు కాపలా నేనే" అని గట్టు మీద కూర్చున్నాడు. నలభై ఏడేళ్ళు లేవలేదు.

నువ్వు పనిచేసేది వంతెనల శాఖలో, అందులోనూ పాత ఫైళ్ళ గదిలో. మన వంతెన ఫైలు ఏ బీరువా అడుగున పడి ఉందో వెతికి, ఇందులో ఎంత నిజమో చెప్పు.

తాతయ్య పెట్టించిన పలక నీకు గుర్తుండాలి. గేటు మీద ఇనప అక్షరాలు: అడుగు కలపరాదు. చిన్నప్పుడు నేనూ మీ నాన్నా చేతులు పట్టుకుని కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ నడిస్తే ఇద్దరికీ చెరో మొట్టికాయ పడేది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఈ ఊళ్ళో మొగుడూ పెళ్ళాలు కూడా వంతెన మీద ముందొకరు, వెనకొకరు నడుస్తారు. నడి మధ్యన వేలాడే ఇత్తడి గంట ఎందుకో కూడా నాకు తెలియదు. పొగమంచులో పడవలు దారి తప్పకుండా అని రాసేద్దామనుకుంటున్నాను. ఎవరొచ్చి కాదంటారు?

ఇంకో మాట. ఈ నెలన్నరగా వంతెన ఊపు ఎక్కువైంది. గాలి లేని పొద్దున కూడా మధ్యకు వచ్చేసరికి కాళ్ళ కింద చెక్కలు పక్కకు జరిగినట్టుంటుంది, గంట దానంతటదే మోగుతుంది. చిన్నప్పటి నుంచీ నడుస్తున్నాను, ఇలా ఎప్పుడూ లేదు. ముసలిది కదా, దానికీ కీళ్ళు వదులవుతాయి. నిన్న గడియారాలాయన కూడా "ఇవాళ బాగా ఊగిందండీ" అన్నాడు. ఆయన డిసెంబరులో మా షాపు పక్క గదిలో గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టాడు. భార్య పోయి చాలా ఏళ్ళయిందట. దుకాణం పైనే ఇల్లు. పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పాడని వంతెన దాటి మన ఇల్లున్న ఈ గట్టుకు వచ్చి, నేను షాపుకు బయల్దేరే వేళకు తిరిగి వెళుతుంటాడు. మాట పొదుపు మనిషి.

ఫైలు సంగతి మరవకు.

అత్తయ్య


ఫిబ్రవరి 20

అత్తయ్యకు నమస్కారాలు.

కూర్చునే చదివాను, ఒట్టు.

రెండు రోజులు తుమ్ముతూ వెతికితే ఫైలు దొరికింది. పైన ఎవరిదో టీ గ్లాసు మరక, అడుగున చచ్చిన బొద్దింక. ముందుగా ఒక చేదు వార్త. వంతెనకు తొంభై రెండు కాదు, తొంభై ఒకటే. తాళ్ళు బిగించిన ఏడాది నదికి వరదొచ్చి, పరచడానికి తెచ్చిన చెక్కలన్నీ కొట్టుకుపోయాయట. మళ్ళీ కలప వచ్చేదాకా ఏడాది పాటు ఒట్టి తాళ్ళే వేలాడాయి. ఆ ఏడాది రిపోర్టులో ఒక గుమాస్తా రాసిన వాక్యం ఇది: "పడవవాడు మాత్రము సంతోషముగా నున్నాడు."

ముత్తాత తాడు చేర్చిన మాట అక్షరాలా నిజం. దాని కింద పై అధికారి రాత: "ప్రతిఫలముగా కాపలా ఉద్యోగము కోరుచున్నాడు. మనిషి మొండివాడు. ఇచ్చుటయే మేలు." నీది ఎవరి పోలికో ఇన్నాళ్ళకు తెలిసింది.

ఇక ఊపు సంగతి. నిజంగానేనా, లేక నీ వర్ణనా? గోరంతను కొండంత చేస్తావని నాన్న అంటుంటాడు. అదీ కాకపోతే వంతెన బాగానే ఉండి, తిరిగేది నీ తలేమో. చెవి లోపల తేడా వస్తే నేల ఊగినట్టుంటుందట, మా ఆఫీసులో ఒకావిడకు అలాగే అయింది. ఒకసారి చెవి డాక్టరుకు చూపించుకో. వేళాకోళం కాదు. ఎప్పటి నుంచి ఊగుతోంది, ఎంత ఊగుతోంది, లెక్కగా రాయి.

నీ పిడుగు


మార్చి 2

పిడుగుకి,

నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. నీ మాట కాదనలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఆయన ఇంకో పేషెంటును చూసి వచ్చేదాకా నిలబడ్డాను. "ఇంకా దించలేదేంటమ్మా?" అన్నాడు. "మీరు దించమనలేదుగా" అన్నాను. ఇలాంటి మనిషికా నేల ఊగేది?

లెక్కగా అడిగావు కాబట్టి లెక్కగానే రాస్తున్నాను. మీ పెద్దవాళ్ళకు చూపించుకున్నా నాకేం భయం లేదు. డిసెంబరు చివరి నుంచి మొదలైంది. పక్క తాడు పట్టుకోకపోతే తూలిపడేంత ఊపు. మంగళవారం గంట పదకొండుసార్లు మోగింది, బుధవారం తొమ్మిది. గడియారాలాయన జేబు గడియారం తీసి చూశాడు. ఇటు నుంచి అటుకు సరిగ్గా ఒక సెకను, అటు నుంచి ఇటుకు ఒక సెకను. "మీ వంతెన గోడ గడియారంలా నడుస్తోందండీ" అన్నాడు. మూడు నెలల్లో ఆయన ఆడిన అతి పెద్ద మాట ఇదే.

చరిత్రకు ఒక ముక్క గుర్తొచ్చింది. ఏటా ఒకే రోజున తాతయ్య వంతెన నడి మధ్య నుంచి కింద నదిలో ఉన్న బండ మీదికి బరువు కట్టిన దారం వదిలేవాడు. దారపు ఉండ పట్టుకునేది నేను. వంతెన కిందికి దిగుతోందా అని ఏడాదికోసారి అలా చూసుకునేవాడు. పొడవు ఎక్కడో గుర్తు పెట్టేవాడు. ఎక్కడో మాత్రం ఎంత గీకినా బుర్రకు తట్టడం లేదు.

గడియారాలాయన నా పాత గోడ గడియారం బాగుచేసి తెచ్చాడు. అది చెడిపోయిందని నేను ఆయనకు చెప్పనే లేదు. గోడ అవతలి నుంచి విని కనిపెట్టాడట.

అత్తయ్య


మార్చి 12

అత్తయ్యా,

హడావిడిలో ఉన్నాను, నాలుగు ముక్కలే. నీ లెక్కలు చాలా ఉపయోగపడ్డాయి. కొన్నాళ్ళు వంతెన మీద వెళ్ళకపోతే మంచిదనిపిస్తోంది, ఎందుకని అడక్కు.

నాకు ఆ గడియారాలాయన సంగతే అంతుపట్టడం లేదు. ఆయన ఇల్లూ, దుకాణం రెండూ ఆ గట్టునే ఉన్నాయి. నీ ఇంటి వైపు గట్టున ఆయనకు పనేమిటి? నడవాలంటే ఆ గట్టున రోడ్లు లేవా? అడక్కుండా గడియారాలు బాగుచేసేవాళ్ళను నేను నమ్మను. ఆయన దుకాణం ఇరుకుగా ఉండి, నీ షాపు మీద కన్నేశాడేమో. నువ్వు పైకి గట్టిగా కనిపిస్తావు గానీ, ఎవరైనా రెండు మంచి మాటలాడితే కరిగిపోతావు. జాగ్రత్త.

పిడుగు


మార్చి 21

పిడుగుకి,

వంతెన మూసేశారు.

సోమవారం పొద్దున వెళ్ళేసరికి గేటుకు గొలుసు, తాళం, దాని మీద నోటీసు. "నిత్యము రాకపోకలు సాగించు వ్యక్తి లిఖితపూర్వకముగా తెలిపిన ప్రమాదకరమైన ఊపు దృష్ట్యా" మూసేశామని రాశారు. వచ్చే నెల ఇరవయ్యో తేదీలోగా ఊపుకు కారణం తేలకపోతే తాళ్ళు కోసి మొత్తం విప్పేస్తారట. చరిత్ర రాయమని నన్ను అడిగినవాళ్ళే ఇప్పుడు "ఆఖరి తేదీ కూడా రాయాల్సొస్తుందేమోనమ్మా" అంటున్నారు.

ఎవరా వ్యక్తి? ఏ పనీ పాటా లేని మనిషి? దొరికితే చెవి మెలిపెట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఈదిస్తాను. ఇప్పుడు షాపుకు వెళ్ళాలంటే దిగువన ఉన్న రోడ్డు వంతెన మీదుగా రెండు బస్సులు మారాలి, గంటన్నర. నిన్న బస్సులో "రిజిస్టర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని నిలబడతాను" అన్నాను. "ఒళ్ళో పెట్టుకుని నిలబడ్డం ఎలాగమ్మా?" అని కండక్టరు అడిగాడు. ఎలాగో నాకే తెలియదు, అంత చిరాకులో ఉన్నాను. ఈ వయసులో ఇలా ఎన్నాళ్ళు తిరుగుతాను? వంతెన పోతే షాపు మూసుకోవడమే.

నువ్వు ఆ శాఖలోనే ఉన్నావు. ఆ వ్యక్తి ఎవరో కనుక్కో.

గడియారాలాయన గురించి అడిగావు. నీలాగా లోపల పెట్టుకోవడం నాకు చేతకాదు, వంతెన మూయకముందే ఆయన్నే అడిగేశాను. "మీకు నా షాపు మీద కన్నుందా?" అన్నాను. తెల్లబోయాడు. కాసేపు నది వైపు చూసి, "షాపు మీద లేదండీ" అన్నాడు. కాబట్టి నువ్వు నిశ్చింతగా ఉండు.

మూసేసిన మర్నాడు ఆయన అవతలి గేటుకు ఒక పెద్ద గడియారం తగిలించాడు. ఏదో పాత రైల్వే స్టేషనుది, ముఖం బండి చక్రమంత ఉంటుంది. అది టైము చూపించదు. ఆ గట్టున నా తిరుగు బస్సు రోజుకో టైముకు వస్తోందని, ముందు రోజు డిపోలో కనుక్కుని ముళ్ళు ఆ టైముకు పెడతాడు. నేను ఈ గట్టు నుంచి చూసి, దాన్ని బట్టి పని సర్దుకుంటాను. చూశానని తెలియడానికి గొడుగు పైకెత్తుతాను. ఆయన తలూపుతాడు. అంత దూరం నుంచి తలూపడం కనిపించదనుకో.

అత్తయ్య


మార్చి 29

అత్తయ్యా,

నోటీసు సంగతి చదివి చాలా బాధపడ్డాను. ఆ వ్యక్తి ఎవరో కనుక్కోవడం అంత తేలిక కాదు. ఫైళ్ళు చాలా చేతులు మారుతుంటాయి. రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాసి ఉండొచ్చు కదా. చెవి మెలిపెట్టే ముందు అది కూడా ఆలోచించు. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఆఫీసులో ఫ్యాను మార్చారు.

పిడుగు


మార్చి 30

అత్తయ్యా,

నిన్నటి ఉత్తరం చింపెయ్. ఫ్యాను గురించి రాశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ వ్యక్తివి నువ్వే. ఇచ్చింది నేను. నీ మార్చి రెండో తేదీ ఉత్తరం మా సారుకు చూపించాను. గంట పదకొండుసార్లు మోగిందనీ, తూలిపడేంత ఊపనీ రాసేసరికి నాకు భయం పట్టుకుంది. చిన్నప్పుడు స్కూలు సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ వంతెన మీద నన్ను భుజాన వేసుకుని తీసుకెళ్ళింది నువ్వే. అది తెగి నువ్వు నదిలో పడినట్టు రెండు రోజులు వరసగా కల వచ్చింది. ఎవరో వచ్చి నాలుగు బోల్టులు బిగించి పోతారనుకున్నాను గానీ, ఏకంగా విప్పేస్తామంటారని కలలో కూడా అనుకోలేదు. నిన్ను కాపాడబోయి నీ దారే మూసేశాను.

ఏమన్నా పడతాను. ఈత మాత్రం నాకు రాదు, నీకు తెలుసు.

పిడుగు


ఏప్రిల్ 6

పిడుగుకి,

నాకు మొదటి రోజే తెలుసు.

నోటీసు కింద రుజువుగా ఆ ఉత్తరం నకలు కూడా అంటించారు. పేరు మీద నల్ల గీత కొట్టారు. ఏం లాభం? సన్నగా, పొడుగ్గా, పక్కన రిజిస్టరు ఎర్ర గీతతో ఉన్న కాగితం మీద ఉత్తరాలు రాసే మనిషి ఈ రెండు గట్ల మీద ఇంకెవరు? ఊళ్ళో సగం మంది నా రాత గుర్తుపట్టారు. ఒంటికాలి మీద నిలబడిన కథ చదివి డాక్టరు మనుషులు నవ్వుకుంటున్నారట. నీ నోటితో నువ్వే చెబుతావా లేదా అని చూద్దామని ఆ మహా కోపం ప్రదర్శించాను. ఫ్యాను గురించి చదివినప్పుడు నిజంగానే కోపం వచ్చింది. మర్నాడే ఇంకో ఉత్తరం వచ్చింది, ఆ కోపం పోయింది. నాకు నువ్వు మిగిలితే చాలు, వంతెన తరవాత. ఆ మాట గట్టిగా అనుకుని, తరవాత వంతెన గురించి కూడా ఏడ్చాను.

ఇక ఇక్కడి సంగతులు. పరీక్షించడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ నిచ్చెన మీదే ఉంటాడు, మాట్లాడాలంటే మెడ నొప్పి. తాతయ్య గుర్తుల సంగతి ఆయనకు చెప్పి, కాపలా గది చూపించాను. చీపుళ్ళు పెట్టుకుంటున్నారు అందులో. తలుపు ముట్టుకోగానే గుర్తొచ్చింది. తాతయ్య తలుపు చట్రం మీద కత్తితో గీతలు గీసేవాడు. ఆ తలుపుకు ఆకుపచ్చ రంగు వేసింది ఎవరు? నేనే, పదహారేళ్ళప్పుడు, శుభ్రంగా ఉంటుందని. నా షాపు నుంచి తోలు గీకే కత్తి తెప్పించి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గీకాను. నలభై ఏడు గీతలు బయటపడ్డాయి, పక్కన సంవత్సరాలతో సహా. ఇంజనీరు అదే బండ మీదికి దారం వదిలి కొలిచాడు. ఆఖరి గీతకూ ఇవాళ్టికీ తేడా ఒక వేలి మందం. "ఇది మా పరికరాలకన్నా నయమండీ" అన్నాడు. తాళ్ళు బాగున్నాయి, బోల్టులు బాగున్నాయి.

కానీ తాళం తియ్యడట. "ఊపుకు కారణం రాయకుండా తెరిస్తే నా ఉద్యోగం పోతుందమ్మా. మూడు రోజులు మా మనుషుల్ని అటూ ఇటూ నడిపించాను. గంట ఒక్కసారి కూడా మోగలేదు. అసలు మీరు రాసిన ఊపు ఉందా?" అన్నాడు. పది మందిలో నన్ను అబద్ధాలకోరును చేశాడు. ఇరవయ్యో తేదీ దాకా గడువు. నీ పాత ఫైలు ఇంకోసారి తిరగెయ్. నీ మీద కోపం లేదు గానీ, పని మాత్రం ఉంది.

అత్తయ్య


ఏప్రిల్ 11

అత్తయ్యా,

గంట సంగతి చెప్పే కాగితం దొరికింది.

వంతెన తెరిచిన మూడో ఏడు ఒక బ్యాండు బృందం వాయించుకుంటూ, కాళ్ళు కలిపి దాటబోయిందట. మధ్యకు వచ్చేసరికి ఊపుకు పెద్ద డోలు నదిలో పడింది. డోలు వాయించేవాడు దాని వెంట గట్టు మీద పరుగెత్తి, దిగువ ఊళ్ళో పట్టుకున్నాడు. ఆ వారమే ముత్తాత పెట్టుకున్న అర్జీ ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"అడుగు కలిపి నడచినచో వంతెన ఊగుచున్నది. ముఖ్యముగా నిదానముగా, గడియారము కొట్టినట్లు నడచువారు ఇద్దరు చాలును. పలక పెట్టినను జనులు చదువరు. కావున నడి మధ్యన ఒక గంట ఇప్పించవలెను. అడుగు కలిసినప్పుడు అది మోగును. నేను గదిలో కూర్చుండియే కేక వేయగలను. మాటిమాటికి పరుగెత్తలేకున్నాను."

పొగమంచూ కాదు, పడవలూ కాదు. ఆ గంట పుట్టిందే అందుకు.

ఇప్పుడు నా ప్రశ్నలకు జవాబు చెప్పు. గంట సాయంత్రాలు మోగేదా, లేక నువ్వు షాపుకు వెళ్ళే పొద్దుటి పూటేనా? ఆదివారం షాపు సెలవు కదా, ఆ రోజు మోగిందా? డిసెంబరుకు ముందు మోగిందా? సెకనుకు ఒక అడుగు చొప్పున నడిచే మనిషి ఎవరైనా నీకు తెలుసా? ఆయన పక్కన నువ్వు ఎలా నడుస్తావు?

అత్తయ్యా, నాకు చిన్నప్పుడు పడిన మొట్టికాయ నీకు పడాల్సిన టైము వచ్చిందేమో.

పిడుగు


ఏప్రిల్ 17

పిడుగుకి,

పెద్దంతరం చిన్నంతరం లేకుండా అలాంటి ప్రశ్నలు అడుగుతారా? జవాబులు ఇవిగో: పొద్దుటి పూటే. ఆదివారం లేదు. డిసెంబరుకు ముందు లేదు. తెలుసు.

నీ ఉత్తరం ఇంజనీరుకు చూపించాను, చివరి వాక్యం మడత పెట్టి. ఆయన నిచ్చెన దిగాడు, మొదటిసారి. అవతలి గట్టుకు మనిషిని పంపి గడియారాలాయనను పిలిపించాడు. రెండు గట్ల మీదా జనం చేరారు.

ముందు నన్ను ఒక్కదాన్నే నడిపించాడు. గంట మోగలేదు. ఆయన్ని ఒక్కడినే నడిపించాడు. మోగలేదు. తరవాత ఇద్దర్నీ. ఇద్దరం కొయ్యబొమ్మల్లా నడిచాం, అప్పుడూ మోగలేదు. "ఇలా కాదండీ, రోజూ నడిచినట్టు నడవండి" అని ఇంజనీరు గట్టు మీది నుంచి అరిచాడు. రోజూ ఎలా నడుస్తామో మాకు గుర్తుంటేగా. మళ్ళీ మొదటి నుంచి బయల్దేరాం.

సగం దూరంలో ఆయన మెల్లగా అన్నాడు: "ఈ నెలలో మీ గోడ గడియారానికి కీ ఇచ్చారా?"

"ఇవ్వలేదు. ఆగిపోయింది."

"గోడ అవతలికి చప్పుడు రావడం లేదు. అదే అనుకున్నాను. రోజూ చెవి పెట్టి వింటున్నాను."

"ఊరికే వినకపోతే వచ్చి ఇవ్వకూడదూ?"

"మీరు వచ్చిందే మొదలు బస్సు హడావిడిలో ఉంటారు, ఎలా వస్తానండీ?"

ఆ మాటల్లో పడి ఎక్కడున్నామో మరిచిపోయాను. చెక్కలు కదలడం మొదలైంది. గంట మోగింది. ఒకటి, రెండు, మూడు. గట్ల మీద జనం ఈలలు, చప్పట్లు. నేను కిందికి చూశాను. ఆయన కుడి కాలూ నా కుడి కాలూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి పడుతున్నాయి. నా జన్మలో అంత సిగ్గు పడలేదు. నన్ను అబద్ధాలకోరన్నవాడి ముందు నా మాట నిలబడినందుకు సంతోషించాలో, నిలబడిన తీరుకు నదిలో దూకాలో తెలియలేదు.

"మీరు గడియారాల మనిషి కదా, మీకైనా తెలియలేదా?" అని ఆయన్ని నిలదీశాను.

"గంట ఎందుకు మోగుతుందో నేను ఆలోచించలేదండీ. మోగినప్పుడల్లా మీరు నవ్వేవారు. మోగితే చాలనుకున్నాను" అన్నాడు.

పిడుగూ, నాకు యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి ఊసెత్తితే కత్తెర చూపించి తరిమేదాన్నని మీ నాన్న ఇప్పటికీ చెబుతాడు. ఆ మాటకు నా దగ్గర కత్తెర లేకపోయింది. మూసేసిన ఇన్ని రోజులూ నేను ఏడ్చింది వంతెన కోసమేనని నీకు రాశాను. అది పూర్తి నిజం కాదు. నువ్వు ఫ్యాను గురించి రాశావు, నేను వంతెన గురించి రాశాను, అంతే తేడా.

మొట్టికాయ నువ్వొచ్చి పెట్టుకో.

అత్తయ్య


ఏప్రిల్ 25

అత్తయ్యా,

ఇంజనీరు రిపోర్టు మా టేబులు మీదికి వచ్చింది. ఆఫీసంతా చుట్టూ చేరి చదివింది. "కారణము: ఇరువురు పాదచారులు కొన్ని నెలలుగా, తమకు తెలియకనే, అడుగు కలిపి నడచుట. వంతెనకు ఏ లోపమూ లేదు. తెరువవచ్చును. సదరు ఇరువురికి పలక చూపించడమైనది." మా సారు సంతకం పెడుతూ ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి కారణం చూడలేదన్నాడు. దాన్ని ముత్తాత అర్జీ పక్కనే పెట్టి, అదే ఫైలులో కుట్టాను. నీ అంత బాగా కుట్టలేదు.

షాపు మీద కన్నేశాడని రాసినందుకు ఆయనకు క్షమాపణ చెప్పు. నాన్నకు చెబితే ముందు నీ ఉత్తరం లాక్కుని రెండుసార్లు చదివాడు. తరవాత "ఆ గడియారాలాయనకు కత్తెర సంగతి తెలుసా?" అని అడిగి, గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. మేమిద్దరం వచ్చే నెల మొదట్లో బయల్దేరుతున్నాం. ఆయన్ని ఏమని పిలవాలో నువ్వే చెప్పు. గడియారాలాయన అని ఎదురుగా పిలవలేను కదా.

పిడుగు


మే 3

పిడుగుకి,

బోర్డు నిన్న పెట్టారు. తొంభై రెండు కొట్టేసి తొంభై ఒకటి చేయించాను. పడవవాడి సంతోషం ఉంది, వరదలో పోయిన చెక్కలున్నాయి, డోలు ఉంది, తలుపు మీది గీతలున్నాయి. గంట ఎందుకో కూడా ఉంది. ఈ ఏడాది వంతెన నలభై రోజులు ఎందుకు మూతపడిందో మాత్రం రాయలేదు. వార్డు ఆఫీసువాళ్ళు "అది కూడా చరిత్రే కదమ్మా" అని పట్టుబట్టారు. బోర్డులో చోటు లేదన్నాను. అడుగున జానెడు చోటు ఖాళీగా కనిపిస్తూనే ఉంది. ఎవరైనా అడిగితే నా తరవాతివాళ్ళు రాస్తారని చెబుతున్నాను. నా తరవాతి దానివి నువ్వే.

అవతలి గేటు మీది పెద్ద గడియారం తీయలేదు. ఇప్పుడది అందరికీ టైము చూపిస్తోంది. రోజూ నేను షాపుకు బయల్దేరే వేళకు మాత్రం ఆయన ఈ గట్టుకు వచ్చేస్తున్నాడు, డాక్టరు చెప్పాడని. ఏ డాక్టరని అడిగాను. జేబు గడియారం తీసి కీ ఇవ్వడం మొదలుపెట్టాడు.

తాతయ్య మాట తాతయ్య మాటే. వంతెన మీద ఆయన ముందు, నేను నాలుగు అడుగులు వెనక. గంట మోగడం లేదు. మధ్యకు రాగానే ఆయన ఒకసారి వెనక్కి తిరిగి గంట వైపు చూస్తాడు, తరవాత నా వైపు. ఊళ్ళోవాళ్ళు మేం దాటుతుంటే చెవులు రిక్కించి కూర్చుంటున్నారు. వాళ్ళకు ఆ అవకాశం ఇవ్వను. అవతలి గేటు దాటి నేల మీద కాలు పెట్టాక ఆయన ఆగుతాడు. నేను పక్కకు వస్తాను. అక్కడి నుంచి షాపుదాకా నలభై గజాలు అడుగు కలిపే నడుస్తున్నాం.

ఏమని పిలవాలని అడిగావుగా. ఈ ఉత్తరం కింద సంతకం పెట్టమని ఆయన ముందు పెట్టాను. ఏమని పెట్టాలో తెలియక పావుగంట కలం పట్టుకుని కూర్చున్నాడు. చివరికి పెట్టాడు, చూడు.

నీ అత్తయ్య

నీ మామయ్య